పెట్రోలు బంకు గోడలోంచి

నోరు తెరవడమే తప్ప మూయడం నేర్పకుండానే లిఫ్టు మెకానిక్‌ని ఈ లోకం మీదికి వదిలేశారని టీ కొట్టు వదిన అంటూ ఉంటుంది. చాటుగా కాదు, ఎదురుగానే అంటుంది. అతనూ ఏదో బిరుదు ఇచ్చినట్టు తలాడించి, గ్లాసు చాపి, ఇంకో సగం పోయించుకుంటాడు.

ఆ సోమవారం నాలుగింటి టీకి, ఆరంతస్తుల కాంప్లెక్సులో మెట్ల కింద ఉన్న ఆ కొట్టు దగ్గర చేరింది నలుగురే. ఒకడు మెకానిక్. ఇంకొకరు మూడో అంతస్తులో వాచీలు బాగుచేసే తాత. ఇంకొకాయన జిరాక్స్ షాపాయన, షాపులవాళ్ల సంఘానికి సెక్రటరీ కూడా ఆయనే. నాలుగో మనిషి నాలుగో అంతస్తు మూలలో కుట్టుపని చేసే టైలరక్క. వదినని కలుపుకుంటే ఐదుగురు. మిగతా షాపులవాళ్లంతా ఏదో పనున్నట్టు అటూ ఇటూ తిరుగుతూ, చెవులు మాత్రం ఇటే పెట్టారు. ఎందుకంటే ఐదింటికల్లా జిరాక్సాయన తీర్పు రాసి నోటీసు బోర్డుకి గుచ్చాలి.

తీర్పు దేనిగురించంటే, ఆట గురించి. రెండో అంతస్తులో కంప్యూటర్ షాపువాళ్లు పక్కపక్కన రెండు కుర్చీలు వేసి, వాటికి స్టీరింగులు బిగించి, కింద పెడళ్లు పెట్టి, ఎదురుగా గోడంత తెర మీద కార్ల పందెం ఆట నడుపుతారు. ఏడాదికోసారి కాంప్లెక్సులో పనిచేసేవాళ్లకి పోటీ. గెలిచినవాళ్లకి కప్పూ గిప్పూ ఏమీ ఉండవు. లిఫ్టు పక్కనున్న గాజు బీరువా ఏడాదిపాటు వాళ్లది. అందులో ఏం పెట్టుకుంటారో వాళ్లిష్టం. లోపలికొచ్చిన ప్రతి మనిషీ లిఫ్టు కోసం నిలబడి, చూడ్డానికి ఇంకేమీ లేక, దానివంకే చూస్తాడు.

టైలరక్కకి ఆ బీరువా కావాలి. ఊరికే కావాలి కాదు, ప్రాణం పెట్టుకుంది దాని మీద. మెట్లకి వెనక, మూలగా ఉన్న ఆమె షాపు ఒకటి ఉందనే చాలామందికి తెలీదు. కింద రెడీమేడ్ బట్టల షాపు వచ్చిన దగ్గర్నించీ తెలిసినవాళ్లు కూడా మర్చిపోయారు. ఈ ఏడాదీ ఇలాగే గడిస్తే మిషను అమ్మేసి షాపు ఖాళీ చేసేస్తానని ఇంట్లో చెప్పేసింది కూడా. అలాంటి రోజుల్లో, కంప్యూటర్ షాపు కర్టెన్లకి కొలతలు తీయడానికి వెళ్లి, సరదాకి ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంది. ముప్పై ఏళ్లు మిషను తొక్కిన కాలు ఆమెది. మలుపులో ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో, కాలరు చుట్టూ కుట్టేటప్పుడు తెలిసినట్టే ఆ కాలికి తెలిసిపోయింది. నలభై రోజులు మధ్యాహ్నం భోజనం పది నిమిషాల్లో ముగించి అక్కడే కూర్చుంది. చెప్పుల షాపువాణ్ణి ఓడించింది, మందుల షాపాయన్ని ఓడించింది, ఫైనల్‌కి వచ్చింది. నిన్న మధ్యాహ్నం ఫైనల్లో, ఆఖరి చుట్టులో, మెకానిక్ కన్నా ఒక పూర్తి మలుపు ముందుంది.

అప్పుడు మెకానిక్ తన కారుని రివర్సు చేసి పెట్రోలు బంకు గోడకి ఆనించాడు. కారు గోడలోకి దిగబడి, నేల కిందికి పోయి, గెలుపు గీతకి రెండడుగుల ఇవతల పైకి తేలింది. తేలిన కారు దర్జాగా గీత దాటింది. చూస్తున్నవాళ్లలో సగం మంది ఈలలు వేశారు, సగం మంది తిట్టారు. రూల్సు కాగితం తెచ్చి చూస్తే, ముందు గీత దాటినవాళ్లు గెలిచినట్టు అని ఒక్క ముక్కే ఉంది. గోడల సంగతి అందులో లేదు.

ఇంతకీ ఆ బీరువా చేతికొస్తే మెకానిక్ ఏం పెడతాడంటే, స్టీరింగు పట్టుకున్న తన ఫోటో. ఫ్రేము కూడా కట్టించేశాడు. న్యూస్‌పేపర్లో చుట్టి బెంచీ కింద పెట్టుకున్నాడు. టైలరక్క ఒళ్లో ఇంకో పొట్లం ఉంది. ఆ బీరువా ఎత్తూ వెడల్పూ టేపు పెట్టి కొలుచుకుని, దానికి సరిపోయేలా కుట్టిన నీలం కోటు అది. గెలుస్తాననే నమ్మకంతో కుట్టింది. ఇప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆమెకే సిగ్గుగా ఉంది, పైకి తీసుకుపోదామంటే మనసు రావడం లేదు.

జిరాక్సాయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి మోకాలి మీద సాపు చేశాడు. కొత్త కాగితం మీద రాయడం ఆయనకి చేతకాదు. మిషనులో వంకరగా వచ్చినవీ, నల్లగా వచ్చినవీ ఒక అట్టపెట్టెలో పడేసి, ఫోన్ నంబర్లూ, సంఘం తీర్మానాలూ అన్నీ వాటి వెనకే రాస్తాడు. టైలరక్క కూడా ఆ పెట్టెలోంచే చేతికొచ్చినన్ని తెచ్చుకుని జేబులకీ కాలర్లకీ నమూనాలు కత్తిరించుకుంటుంది.

"సరే, నీ వాదనేంటో చెప్పు" అన్నాడు జిరాక్సాయన. "పొట్టిగా చెప్పు."

"పొట్టిగానే చెప్తా" అని మెకానిక్ గ్లాసు కింద పెట్టాడు. అతను గ్లాసు కింద పెట్టాడంటే పొట్టిగా ఉండదని అందరికీ తెలుసు. తాత బెంచీకి వీపు ఆనించి సర్దుకున్నాడు.

"అసలిదంతా నేను కావాలని చేసింది కాదు, ముందది రాసుకోండి. ఓరోజు మధ్యాహ్నం లిఫ్టుకి నూనె పెట్టి, చేతులు తుడుచుకుని, ఊరికే ఓ పది నిమిషాలు కూర్చుందామని ఆ కుర్చీలో కూర్చున్నా. చేతికి ఇంకా జిడ్డు ఉందేమో, స్టీరింగు జారింది. బండి వెనక్కి పోయి బంకు గోడకి గుద్దుకుంది. గుద్దుకుంటే ఏమవ్వాలి? సొట్ట పడాలి. పడలేదు. వెనక చక్రం గోడలోకి ఇంత, ఇదిగో, ఈ బొటనవేలంత దిగింది. మీరైతే ఏం చేస్తారు? ముందుకి లాక్కుని పోతారు. నేను ఇరవై రెండేళ్లు లిఫ్టు గోడల మధ్య బతికినవాణ్ణి, ఏది నిజం గోడో ఏది ఉత్త గోడో నాకు వాసనకే తెలుస్తుంది. లేచి వెళ్లి తెరకి చెవి ఆనించి వేలితో కొట్టా. డొల్లగా మోగింది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"తెర తుడిచుంటావు. జిడ్డు చెయ్యి కదా" అంది వదిన.

"తుడిచా. తుడిచాకే అసలు కథ. మూడ్రోజులు వరసగా ఆ ఆటలో ఉన్న ప్రతి గోడా కొట్టి చూశా. పదకొండు వందల గోడలు. డొల్లగా మోగింది అదొక్కటే. నాలుగోరోజు రెండో పంపుకీ, టైర్లకి గాలి కొట్టే గొట్టానికీ సరిగ్గా మధ్యలో బండి పెట్టి, రివర్సు గేరు వేసి, కళ్లు మూసుకుని వదిలేశా. దబ్బున కిందికి. కింద ఏముందనుకున్నారు?"

"మట్టి" అన్నాడు తాత.

"మట్టి ఎవడు పోస్తాడు తాతా, కనపడదు కదా! కింద ఇంకో ఊరుంది. ఆట తయారుచేసేటప్పుడు గీసి, నచ్చక పారేసినవన్నీ అక్కడే పడున్నాయి. ఆకులు వెయ్యని చెట్లు. ఇళ్లు లేకుండా ఉత్త తలుపులు. ఒకవైపే రంగేసిన బస్సు, అందులో ఓ కండక్టరు. తొమ్మిదేళ్ల నుంచి అలాగే కూర్చున్నాడట పాపం. ముందు ఆటలో బస్సు పెడదామనుకున్నారు, తర్వాత కార్లు చాల్లే అనుకున్నారు, ఈయన్ని దింపడం మర్చిపోయారు. నన్ను చూసి లేచి నిలబడి, 'ఏవండీ, ఆట బయటికొచ్చిందా?' అన్నాడు. వచ్చి తొమ్మిదేళ్లయిందండీ అన్నా. 'జనానికి నచ్చిందా?' అన్నాడు. నచ్చిందన్నా. కళ్లు తుడుచుకున్నాడు."

"టైమెంతైందని అడగలేదా?" అన్నాడు తాత.

"ఎందుకు అడగలేదూ! వాచీ ఆగిపోయిందన్నాడు. నీ షాపు అడ్రసు ఇచ్చొచ్చా."

తాత కాసేపు ఆలోచించి, "రాలేదింకా" అన్నాడు.

జిరాక్సాయన పెదాలు బిగబట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. అది చూసి టైలరక్క ఒళ్లో పొట్లాన్ని దగ్గరికి లాక్కుంది. మెకానిక్ మాటలకి ఆమెకీ నవ్వొస్తుంది, ఎప్పుడూ వస్తుంది, ఈ కాంప్లెక్సులో అతని మాటలకి నవ్వనివాళ్లు లేరు. అదే ఆమె భయం. మనిషి ఒకసారి మనస్ఫూర్తిగా నవ్వాక, నవ్వించినవాడికి వ్యతిరేకంగా తీర్పు రాయడానికి చెయ్యి ఆడదు. నలభై రోజుల తన కష్టం ఒక కండక్టరు కన్నీళ్లలో కొట్టుకుపోతుంటే ఆమె ఊరుకోలేకపోయింది.

"కథ బానే ఉంది. మోసమా కాదా, అది చెప్పు తమ్ముడూ" అంది.

"అక్కా, ఎలా మోసమో నువ్వే చెప్పు. నేను వైరు కోశానా? స్క్రూ విప్పానా? నీ స్టీరింగు పట్టుకుని లాగానా? నీ బండికి ఏ ఆట ఇచ్చారో నా బండికీ అదే ఇచ్చారు. ఏ గోడ నా ముందుందో అదే గోడ నీ ముందూ ఉంది. ఆ గోడ గట్టిగా ఉండాలని వాళ్లకే ఉంటే గట్టిగానే కట్టేవాళ్లుగా! నేను కళ్లు పెట్టుకుని చూశా, నువ్వు చూడలేదు. అంతే కదా తేడా?"

చుట్టూ తిరుగుతున్నవాళ్లలో ఒకరిద్దరు అవునన్నట్టు తలూపారు. మాటలో పస ఉంది మరి. తాత మాత్రం చేతిలో ఉన్న వాచీ వంక చూస్తూ, "నేను చేత్తో ముల్లు తిప్పి ఏడు గంటలు చెయ్యగలనురా. వాచీ ఏమీ అనదు. అంతమాత్రాన షాపు కట్టేసి ఇంటికి పోతానా?" అన్నాడు.

"నీది వాచీ తాతా. ఇది ఆట."

"ఒక్క మాట" అన్నాడు జిరాక్సాయన. టైలరక్క వైపు తిరిగాడు. "ఆ గోడ సంగతి నీకు తెలీదు కదమ్మా? తెలిసుంటే నువ్వూ వెళ్లేదానివేగా?"

టైలరక్క ఒళ్లో పొట్లం తాడు సర్దుకుంది. "తెలుసు" అంది.

అందరూ ఆమె వంక తిరిగారు. మెకానిక్ చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"రెండో వారంలోనే తెలిసింది. రివర్సు చేస్తుంటే బండి గోడలో పడి, పోయి గీత దగ్గర తేలింది. ముందు నాకేం అర్థం కాలేదు. ఇంకోసారి చేసి చూశా. మళ్లీ అలాగే తేలింది. తర్వాత ఆ వైపు వెళ్లలేదు."

"ఎందుకు వెళ్లలేదూ?" అంది వదిన. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు.

"ఆ దారిలో బండి నడిపే పని లేదు వదినా. నేను కూర్చుందే నడపడానికి."

వదిన టీ గిన్నె మీద మూత పెట్టింది. ఇంకొకడైతే ఇక్కడ తల దించుకుని పోయేవాడు. మెకానిక్ తత్వం అది కాదు. లోకంలో తనొక్కడికే దొరికిందనుకున్న గోడ ఇంకొకరికి కూడా దొరికిందని తెలియగానే అతనికి అంతవరకూ చెప్పిన కథ చాలనిపించలేదు.

"నీకు దొరికింది పై గోడ అక్కా" అన్నాడు. "పై గోడ ఎవరికైనా దొరుకుతుంది. నాకు దొరికింది దాని లోపలి గోడ. అందుకేగా కంపెనీవాళ్లు నాకు ఫోను చేసింది!"

"ఏ కంపెనీ?" అన్నాడు జిరాక్సాయన.

"ఆట తయారుచేసిన కంపెనీ. వాళ్ల ఆఫీసులో పెద్ద తెర ఉంటుంది, లోకంలో ఎవడి బండి ఎక్కడుందో చుక్కలుగా కనపడుతుంది. నా చుక్క నేల కింద కనపడిందట. అక్కడ సైరన్ మోగింది. పన్నెండుమంది ఇంజనీర్లు వీడియోలో వరసగా నిలబడి నమస్కారం పెట్టారు. 'అయ్యా, ఆ కన్నం మూసేస్తున్నాం, ఏమనుకోకండి' అన్నారు. మూసుకోండి, నాకేం, అన్నా. మూశారు. ఆ మూత పక్కన్నించి వెళ్లా. దాన్నీ మూశారు. ఆ మూతకి వేసిన మేకు సందులోంచి వెళ్లా. నాలుగు వందల పన్నెండు కన్నాలు మూశారమ్మా. నాలుగు వందల పదమూడో దాన్లోంచి నేను బయటికి వచ్చేసరికి వాళ్ల పెద్దింజనీరు కుర్చీలో కూలబడిపోయి, 'అయ్యా, కన్నం లేనిచోటు ఏదైనా ఉంటే చెప్పండి, మిగతాదంతా కన్నమే అనుకుంటాం' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"విమానం పంపించుంటారు" అంది వదిన గ్లాసులు కడుగుతూ.

"నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను."

"పంపించారు. పోయిన నెలలో నేను మూడ్రోజులు కనపడలేదు, గుర్తుందా?"

"జ్వరమన్నావు" అన్నాడు తాత.

"అలా చెప్పమని కంపెనీవాళ్ల మాట. వెళ్లా. నలభై అంతస్తుల బిల్డింగు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి గోలగోలగా ఉంది. ఏంటంటే, వాళ్ల యజమాని లిఫ్టులో ఇరుక్కుపోయాడు, పదిహేడుకీ పద్దెనిమిదికీ మధ్య. వాళ్ల మెకానిక్‌లు ఆరుగురు పుస్తకాలు తిరగేస్తున్నారు. నేను చొక్కాకి పెట్టుకున్న పిన్నీసు తీసి, ఎక్కడ గుచ్చాలో అక్కడ గుచ్చా. లిఫ్టు చక్కగా దిగింది."

"పిన్నీసు ఎక్కడిది?" అంది టైలరక్క.

"నువ్విచ్చిందే అక్కా. బొత్తాం ఊడినప్పుడు."

"తిరిగివ్వలేదు."

"ఇంకా ఆ లిఫ్టులోనే ఉంది. తీస్తే ఆగిపోతుందని వాళ్లు తియ్యనివ్వలేదు. సరే, యజమాని బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, ముగ్గురు రెఫరీల్ని పిలిపించాడు. లోకంలో ఎక్కడ పెద్ద పోటీ జరిగినా వాళ్ల మాటే ఆఖరి మాట. గోడలోంచి పోవడం మోసమా కాదా తేల్చమన్నాడు. ఒకాయన మోసమన్నాడు. ఒకాయన కాదన్నాడు. మూడో ఆయన టీకి వెళ్లాడు."

"వచ్చాడా?" అన్నాడు జిరాక్సాయన. ఆయనకి తీర్పు చెప్పేవాడి కష్టం తెలుసు.

"రాలేదు. వాళ్లిద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. ఇలా కాదు, నేను చూపిస్తా రండి, అని అందర్నీ వాళ్ల మెట్ల కిందికి తీసుకెళ్లా. అచ్చం ఇలాంటి మెట్లే. అక్కడి గోడ కొట్టి చూశా. డొల్ల. 'అయ్యలారా, గోడ అడ్డం చెప్పకపోతే మనిషికి అడ్డం చెప్పడానికి మీరెవరు?' అని వీపు ఆనించా. జర్రున లోపలికి పోయా. ఎక్కడ తేలాననుకున్నారు?"

ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఫరవాలేదన్నట్టు అతనే వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ. వదిన స్టవ్వు వెనకాల."

వదిన చేతిలో గ్లాసు పక్కన పెట్టి స్టవ్వు వెనక గోడ వంక చూసింది. "పోయిన నెల ఓరోజు ఉన్నట్టుండి స్టవ్వు ఆరిపోయింది."

"నేనే. విసురుకి గాలి తగిలింది."

"పాల గిన్నె కూడా బోర్లాపడింది."

"పాల గిన్నె సంగతి నాకు తెలీదు వదినా" అన్నాడు మెకానిక్ గంభీరంగా. "తెలీని విషయం నేను చెప్పను."

ఈసారి జిరాక్సాయన ఆపుకోలేకపోయాడు. గట్టిగా నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అటూ ఇటూ తిరుగుతున్నవాళ్లు తిరగడం మానేసి దగ్గరికొచ్చి నిలబడ్డారు. పక్కనెవరో, "పోనిద్దూ, ఒక్క ఏడాదే కదా, ఫోటో పెట్టుకోనీ" అన్నారు కూడా. టైలరక్క లేచి పైకి వెళ్లిపోదామనుకుంది. ఒళ్లో కోటు ఉంది. లేస్తే అందరూ దాన్నే చూస్తారు. అలాగే కూర్చుంది.

"నాలుగూ నలభై" అన్నాడు తాత, ఎవరూ అడక్కపోయినా.

"అయితే రాసెయ్" అన్నాడు మెకానిక్ జిరాక్సాయనతో, బెంచీ కింద ఫ్రేముని కాలితో ఇవతలికి జరుపుకుంటూ. "యజమాని ఫోను చేసి, ఒక్క ముక్కలో చెప్పండయ్యా అంటే నేను చెప్పిన ముక్క ఉంది. వాళ్ల ఆఫీసు గుమ్మం మీద రాతిలో చెక్కించుకున్నారు. అదే రాసెయ్. 'యంత్రం ఒప్పుకున్నదంతా ఆటే. యంత్రం ఒప్పుకోనిదే మోసం.'"

జిరాక్సాయన మోకాలి మీద కాగితం పెట్టుకుని ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాడు. రాసి ఓసారి చదువుకున్నాడు. "బానే ఉంది వినడానికి. ఇది నీ మాటేనని కింద సంతకం పెట్టు. రేపు ఎవరైనా అడిగితే సంఘం అనలేదు, నువ్వే అన్నావని చూపిస్తా."

మెకానిక్ పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. అతని సంతకం ఈ కాంప్లెక్సులో అందరికీ తెలుసు. ఆఖరి అక్షరం నుంచి ఒక గీత తాడులా కిందికి దిగి, చివర్లో చిన్న డబ్బా కడుతుంది. లిఫ్టు అన్నమాట.

"ఏదీ, ఇలా ఇవ్వండి" అంది టైలరక్క.

ఏముందో చదువుదామనే తీసుకుంది. చదివింది. చదివి, చెయ్యి ఊరుకోక, కాగితాన్ని తిరగేసింది. చేతికి ఏ గుడ్డ వచ్చినా ముందు తిరగేసి లోపలివైపు కుట్టు చూడటం ఆమెకి ముప్పై ఏళ్ల అలవాటు. వెనకవైపు వంకరగా, ఒక పక్కంతా నల్లగా వచ్చిన జిరాక్స్ కాపీ ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు. కింద అదే తాడు, అదే డబ్బా.

ఆమె ఒకసారి లోపల్లోపల చదువుకుంది. తర్వాత పైకి చదివింది.

"'లిఫ్టు వాడేవాళ్లకి మనవి. తలుపు మూసే బటనూ, అంతస్తు బటనూ కలిపి నొక్కి పట్టుకుంటే లిఫ్టు మధ్యలో ఎక్కడా ఆగకుండా పోతుందని కొందరు కనిపెట్టారు. కనిపెట్టి రోజూ అదే చేస్తున్నారు. నాలుగో అంతస్తులో జనం నిలబడిపోతున్నారు. యంత్రం ఒప్పుకుంది కదా అంటే కుదరదు. అక్కడ నిలబడ్డవాళ్లు ఒప్పుకోవాలి. ఇది మోసం. ఇట్లు, లిఫ్టు మెకానిక్.'"

పోయిన వానాకాలం సంగతి అది. నాలుగో అంతస్తులో లిఫ్టు ఆగడం లేదని ఆమె ఏడుపు మొహంతో చెబితే, బాగుచేద్దామని వచ్చిన మెకానిక్‌కి యంత్రంలో ఏ లోపమూ కనపడలేదు. రెండ్రోజులు లిఫ్టు పైనున్న గదిలో కూర్చుని కాపలా కాసి, ఎవరెవరు ఎలా నొక్కుతున్నారో కనిపెట్టాడు. ఆరో అంతస్తువాళ్లతో గొడవ పెట్టుకున్నాడు. ఈ నోటీసు తనే రాసి, జిరాక్స్ తీయించి, లిఫ్టులోనూ అంతస్తుకొకటీ అంటించాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ వారమంతా టైలరక్క అతన్ని తన తోడబుట్టినవాడికంటే ఎక్కువ అనుకుంది. నిన్న అంత బాధ కలిగింది కూడా అందుకే.

"ఆ నిలబడ్డది నేనే కదా తమ్ముడూ" అంది. "నిన్న కూడా నేనే."

మెకానిక్ కాగితం తీసుకున్నాడు. ఒకవైపు చూశాడు. తిప్పి ఇంకోవైపు చూశాడు. మళ్లీ మొదటివైపు చూశాడు. నోరు ఒకసారి తెరిచి, మూశాడు. మూయడం వచ్చని వదినకి ఆరోజే తెలిసింది.

"రెండు సంతకాలూ నీవేనా?" అన్నాడు జిరాక్సాయన.

"నావే."

"నా దగ్గర బోర్డు ఒకటే ఉంది" అన్నాడు జిరాక్సాయన, చొక్కా జేబుకి గుచ్చుకున్న గుండుసూది తీసి అతని అరచేతిలో పెడుతూ. "ఒకవైపే కనపడుతుంది. ఏ వైపు పైకి పెట్టమంటావో నువ్వే చెప్పు. నువ్వు ఏది చెబితే అదే తీర్పు, నేను అడ్డం చెప్పను."

మెకానిక్ లేచాడు. బోర్డు లిఫ్టుకి ఆ పక్కన ఉంది, పది అడుగులు. ఆ పది అడుగులూ అతను ఎవరితోనూ ఏమీ చెప్పకుండా నడవడం అక్కడున్నవాళ్లంతా వింతగా చూశారు. బోర్డు ముందు నిలబడి కాగితాన్ని రెండుసార్లు తిప్పాడు. తర్వాత గుచ్చి, వంకరగా ఉందని సరిచేసి, పక్కకి జరిగాడు.

నల్లమరక ఉన్నవైపే పైకి ఉంది.

జిరాక్సాయన టైము చూసుకుని, జేబులోంచి గాజు బీరువా తాళంచెవి తీసి టైలరక్క చేతిలో పెట్టాడు. ఆమె పొట్లం విప్పి నీలం కోటు బయటికి తీసింది. బీరువా అద్దం గాడిలో బిగుసుకుపోయి కదల్లేదు. మెకానిక్ వచ్చి భుజం ఆనించి, అడుగున అరచేత్తో ఒక దెబ్బ వేస్తే జరిగింది. ఆమె కోటు తగిలించి, చేతుల మడతలు సరిచేసి, దూరంగా జరిగి చూసుకుంది. కొలత సరిగ్గా సరిపోయింది. అంతలోనే లిఫ్టు కోసం వచ్చి నిలబడ్డ ఒకావిడ, "ఎక్కడ కుట్టారండీ ఇది?" అంది.

"నాలుగో అంతస్తు" అంది టైలరక్క. "లిఫ్టు ఆగుతుందండీ."

ఆవిడ లిఫ్టెక్కి వెళ్లింది. మెకానిక్ తలెత్తి, తలుపు పైన వెలిగే అంకెల్ని నాలుగు దాకా చూసి, అక్కడ ఆగాక గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ వదిలిన ఊపిరితోటే అతనికి మాట తిరిగొచ్చింది.

"అక్కా, ఆ నోటీసు ఎలా రాశానో నీకు తెలీదు. కింద కూర్చుని రాసింది కాదది. తొమ్మిదో అంతస్తు ఎత్తులో, తాడు పట్టుకుని వేలాడుతూ, ఒంటిచేత్తో రాశా."

టైలరక్క బీరువాకి తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడివేసుకుంది.

"మన కాంప్లెక్సుకి ఉన్నవి ఆరంతస్తులే కదా తమ్ముడూ."

"అందుకే కదక్కా" అన్నాడు మెకానిక్, "దిగడానికి అంత ఆలస్యమైంది."